పని ఆమెది... పాసుబుక్కు ఆయనది!

1975ను మహిళా సంవత్సరమన్నారు. 1990ని సార్క్ దేశాలు బాలికా సంవత్సరమన్నాయి. ఇప్పుడు 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2024లోనే నిర్ణయించింది. సంతోషించవలసిన విషయమే. అయితే నల్గొండ వైపో, మహబూబ్‌నగర్ వైపో ఒక ఆడమనిషి ఏదైనా ఆఫీసుకు వెళ్లి "నేను రైతును సార్" అంటే ఏం జరుగుతుంది?

"పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉందమ్మా?"

"మా ఆయన పేరు మీద సార్."

"అయితే ఆయన్నే రమ్మను."

అక్కడితో మాట అయిపోతుంది. ఆయన పుణెలోనో, హైదరాబాదులోనో మేస్త్రీ పనిలో ఉంటాడు. పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు, వెయ్యని రోడ్డు దేశంలో లేదని పేరు. మగవాళ్లు వలస పోయాక చెలకను చూసుకునేది ఎవరు? విత్తనం వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, బర్రెకు గడ్డి కోసేది ఎవరు? ఊరందరికీ తెలుసు. కాగితానికే తెలియదు.

నల్గొండ, మహబూబ్‌నగర్ అంటే ఇక్కడ పాత ఉమ్మడి జిల్లాలనే నా ఉద్దేశం. 2016 అక్టోబరులో నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి; మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట వేరుపడింది. జిల్లాలు ఎన్నయినా నేల ఒకటే, కష్టం ఒకటే. నల్గొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి, వనపర్తి వైపు వేరుశనగ, గద్వాల విత్తన పత్తి, ఊరూరా పాలు... అన్నింటిలో ఆడవాళ్ల చెయ్యి ఉంది. ఇప్పుడు వాళ్లలో చాలామంది పంటను అలాగే తెగనమ్ముకోకుండా నూనె పట్టించి, పిండి పట్టించి, పచ్చళ్లు పెట్టి, పాలు పోసి నాలుగు రూపాయలు ఎక్కువ సంపాదిద్దామనుకుంటున్నారు. అనుకోగానే ఎదురయ్యే ప్రశ్న: దేనికి లైసెన్సు కావాలి? ఎవరి పేరు మీద కావాలి?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ. అసలు చిక్కంతా రెండోదాంట్లోనే ఉంది.

చట్టం ఎవరిని రైతు అంటుంది?

వినడానికి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, చట్టాలన్నీ భూమి పట్టానే అడగవు. జీఎస్టీ చట్టంలో వ్యవసాయదారు అంటే ఎవరో రాసి ఉంది. సొంత కష్టంతోనో, కుటుంబ సభ్యుల కష్టంతోనో, కూలీలను పెట్టుకునో భూమిని సాగుచేసే వ్యక్తి అని. తాను సాగుచేసి పండించిన పంటను అమ్ముకోవడం వరకు అలాంటి వ్యక్తికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పట్టాదారు అన్న మాట ఆ నిర్వచనంలో లేదు.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రైతునూ, పొలం దగ్గరి పంటనూ తన పరిధిలోంచి తప్పించింది. అంటే చెట్టు నుంచి కోసిన బత్తాయిని బత్తాయిగానే అమ్మే రైతు ఆహార లైసెన్సు కోసం తిరగక్కర్లేదు. 2007లో కేంద్రం తెచ్చిన జాతీయ రైతు విధానం ఇంకా ముందుకు వెళ్లింది. భూమి ఉన్నవారితో పాటు కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, పశువులు, కోళ్లు పెంచేవారు కూడా రైతులేనని చెప్పింది.

మరి ఆఫీసు బల్ల దగ్గర ఇదంతా ఏమైపోతుంది? అక్కడ రైతు అంటే పాసుబుక్కు. 2018 మేలో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. కౌలుకు దున్నేవారికి రాలేదు. అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన రైతు బీమా కూడా పాసుబుక్కు ఉన్నవారికే. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకం అది. గుంట భూమి ఉన్నా వర్తిస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. ఒకే పొలంలో మొగుడూ పెళ్లాలిద్దరూ పని చేస్తున్నారు. పామో, పిడుగో ఆయన్ను తీసుకుపోతే ఇంటికి 5 లక్షలు. ఆమెను తీసుకుపోతే? ఏమీ లేదు. ఆమె పేరు మీద ఒక్క గుంట రాసి ఉంటే లెక్క వేరుగా ఉండేది.

దేశం మొత్తం మీద 2015-16 వ్యవసాయ గణనలో సాగు కమతాలు నిర్వహిస్తున్నవారిలో స్త్రీలు సుమారు 14 శాతం. కూలి లెక్కల్లో కనిపించే ఆడవాళ్లు కమతాల లెక్కకొచ్చేసరికి ఎటు మాయమవుతున్నారో విడమరిచి చెప్పనక్కర్లేదు.

పుట్టింటి వాటా, అత్తింటి వాటా

అందుకే వ్యాపారం మొదలుపెట్టే ముందు భూమి సంగతి తేల్చుకోవాలంటాను. పట్నంలో ఉన్నవాళ్లం మాకెందుకు అనుకోకండి. పట్నంలో ఉన్న మనలో ఎంతమందికి ఊళ్లో వాటా లేదు?

ఈ విషయంలో తెలుగువాళ్లం దేశం కంటే ముందు నడిచాం. హిందూ వారసత్వ చట్టానికి 1986లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కాకపోతే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. అప్పటివరకు సాగుభూమికి ఉన్న మినహాయింపును కూడా తొలగించింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉండనక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టం ఉంది. ఆ వాటా లెక్క వేరు.

అత్తింటి భూమి సంగతి కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. భర్త బతికి ఉండగా ఆయన సొంత భూమిలో భార్యకు తనంతట తానుగా వాటా రాదు. ఆయన రాసి ఇవ్వాలి. ఆయన పోయిన తర్వాత, వీలునామా లేకపోతే, పిల్లలతోనూ అత్తగారితోనూ సమానంగా ఆమెకు వాటా వస్తుంది. ఊళ్లల్లో జరిగేది మాత్రం తరచూ ఇంకోలా ఉంటుంది. కర్మకాండలు కాగానే "కొడుకు పేరు మీద ఎక్కిస్తే ఎటూ ఇంట్లోనే ఉంటుంది కదమ్మా" అంటారు. తల్లి వేలిముద్ర వేసేస్తుంది. ఆడపిల్లలు అన్నదమ్ములతో చెడుతుందని సంతకం పెట్టేస్తారు.

ఇక్కడే ఒక కొత్త విషయం తెలుసుకోవాలి. 2020 అక్టోబరులో మొదలైన ధరణి పోయి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. ధరణిలో తప్పు పడితే తిరగడానికి కోర్టే దిక్కన్న పరిస్థితి ఉండేది. కొత్త చట్టంలో తహశీల్దారు ఇచ్చిన ఉత్తర్వు మీద ఆర్డీవోకు, ఆ పైన కలెక్టరుకు అప్పీలు పెట్టుకోవచ్చు. విరాసత్ చేసే ముందు విచారణ జరిపి, వారసులకు నోటీసు ఇవ్వాలన్నది కూడా ఇందులో ఉంది. ఆ నోటీసు చేతికి వచ్చినప్పుడు చదవకుండా సంతకం పెట్టకండి. ప్రేమతో వదులుకోవాలనుకుంటే మీ ఇష్టం. కానీ ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

ఏ పనికి ఏ కాగితం?

సరే, వ్యాపారం దగ్గరకు వద్దాం. దేనికి ఏది కావాలో తెలియకే సగంమంది బ్రోకర్లకు చిక్కుతున్నారు.

పంటను పంటగా అమ్మితే: పైన చెప్పుకున్నట్టు ఆహార లైసెన్సు, జీఎస్టీ రెండూ అక్కర్లేదు. కానీ పక్క రైతుల బత్తాయిలు కూడా కొని అమ్మడం మొదలుపెడితే మీరు రైతు నుంచి వ్యాపారిగా మారతారు. అప్పుడు మార్కెట్ కమిటీ లైసెన్సు చూసుకోవాలి.

పాలు పోస్తే: పాల సహకార సంఘంలో సభ్యురాలిగా నమోదై, మొత్తం పాలు సంఘానికే పోసేవారికి ఆహార రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2011 నిబంధనలు చెప్పాయి. బర్రెను మేపేది, పాలు పితికేది మీరైనప్పుడు ఆ సభ్యత్వం ఎవరి పేరు మీద ఉంది? పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోంది? ఒకసారి చూసుకోండి. ఇల్లిల్లూ తిరిగి వాడికె పాలు పోసినా, పెరుగు తోడుపెట్టి, నెయ్యి కాచి అమ్మినా మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి.

పచ్చళ్లు, పొడులు, పిండి, గానుగ నూనె చేస్తే: ఆహార భద్రత రిజిస్ట్రేషనో, లైసెన్సో తప్పనిసరి. 2011 నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిరువ్యాపారులకు రిజిస్ట్రేషన్ చాలన్నాయి. ఏడాదికి రుసుము 100 రూపాయలుగా పెట్టాయి. ఈ అంకెలు సవరణలతో మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున సర్కారు వెబ్‌సైట్లో ఉన్నదే నమ్మండి. ఇంటి నుంచే చేసుకోవచ్చు. సొంత పొలం చూపించాల్సిన పని లేదు. సీసా మీద 14 అంకెల నంబరు వెయ్యాలి. తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. ప్యాక్ చేసి అమ్మేవారు ఆ శాఖలోనూ పేరు నమోదు చేయించుకోవాలి.

ఇందులో నల్గొండ ఆడవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది నీళ్లు. తయారీ యూనిట్‌కు లైసెన్సు తీసుకునేటప్పుడు వాడే నీళ్ల పరీక్ష నివేదిక అడుగుతారు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్గొండ టెక్నిక్' అని పేరు వచ్చిందంటే ఆ జిల్లా ఎంత అనుభవించిందో తెలుస్తుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ తర్వాత నల్లా నీళ్లు వచ్చాయి గానీ, నల్లా రాని రోజున బోరు నీళ్లు వాడేస్తే? రిజిస్ట్రేషన్ స్థాయిలో నివేదిక అడగకపోయినా మనమే పరీక్ష చేయించుకోవడం ధర్మం. మన పిల్లలు తినేది, ఊరి పిల్లలు తినేది అదే కదా.

విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం పెడితే: మూడింటికీ మూడు చట్టాలు. విత్తనాలకు 1983 నాటి నియంత్రణ ఉత్తర్వు, ఎరువులకు 1985 నాటి ఉత్తర్వు, పురుగుమందులకు 1968 చట్టం. పురుగుమందుల అమ్మకానికి తర్వాతి సవరణలతో చదువు అర్హత పెట్టారు. వ్యవసాయ డిగ్రీయో, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల వంటి వాటితో డిగ్రీయో, వ్యవసాయ డిప్లొమాయో ఉండాలి. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలూ, కోడళ్లూ మనలో ఎందరు లేరు? పట్టా లేకపోయినా పనికొచ్చే అర్హత ఇది. ఆ డిగ్రీ కాగితాన్ని పెట్టెలోంచి బయటికి తియ్యండి.

ఇంట్లో దాచుకున్న జొన్న, కంది, ఆముదం విత్తనాల సంగతి వేరు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు తన విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షణ ఉన్న రకమైతే బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. ఇక గద్వాల వైపు కంపెనీలకు విత్తన పత్తి పండించే ఇళ్లవాళ్లు లైసెన్సు కంటే ముందు ఒప్పందం కాగితం చూసుకోవాలి. పొద్దున్నే పూలకు క్రాసింగ్ చేసేది ఆడవాళ్లే. ఆర్గనైజరుతో మాట్లాడేది మాత్రం మగవాళ్లు. ధర ఎంత, విత్తనం ఫెయిలైతే నష్టం ఎవరిది అన్నది కాగితం మీద ఉండాలి. దాని నకలు ఇంట్లో ఉండాలి.

షెడ్డు వేస్తే: సాగుభూమిలో మిల్లో, గోదామో కడితే భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి. ఊళ్లో 'నాలా' అనేది ఇదే. దీనికి 2006 నాటి చట్టం ఉంది. పంచాయతీ అనుమతి కూడా కావాలి. కోళ్ల షెడ్డయితే, పెద్ద సంఖ్యలో పెంచేటప్పుడు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కూడా చూసుకోవాలి. పునాది తియ్యకముందే ఇవన్నీ అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. గోడలు లేచాక వచ్చే నోటీసు ఖరీదెక్కువ.

ఇవి కాక చిన్న పరిశ్రమగా గుర్తింపుకు 2020 జులై నుంచి 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఉంది. అది పూర్తిగా ఉచితం. దానికి రెండు వేలు, మూడు వేలు పుచ్చుకునేవాళ్లున్నారు. ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. తయారుచేసిన సరుకు అమ్మకాలు పెరిగితే జీఎస్టీ గుర్తుంచుకోండి. 2019లో చాలా రాష్ట్రాలు సరుకుల పరిమితిని 40 లక్షలకు పెంచుకున్నా తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది.

ఓటీపీ ఎవరి ఫోనుకు?

ఇప్పుడు దరఖాస్తులన్నీ కంప్యూటర్లోనే. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తేనే పని ముందుకు కదులుతుంది. మరి ఆమె ఆధార్‌కు ఉన్న నంబరు ఎవరిది? చాలా ఇళ్లల్లో భర్తదో, కొడుకుదో. ఆమె మీసేవ దగ్గర నిలబడి ఉంటుంది, ఓటీపీ పుణెలో మోగుతుంది. ఆయన ఫోను ఎత్తకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే నన్నడిగితే మొదటి లైసెన్సు సొంత సిమ్ కార్డు. తర్వాత ఆమె ఒక్కదాని పేరు మీద బ్యాంకు ఖాతా, పాన్ కార్డు. ఈ మూడూ లేకుండా ఏ పథకమూ ఆమె గుమ్మం దాకా రాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆడవాళ్ల పేరు మీద ఉంటే సబ్సిడీ ఎక్కువని తెలియగానే ఇంట్లో మగవాళ్లకు హఠాత్తుగా ఆమె పేరు గుర్తుకొస్తుంది. లైసెన్సు ఆమెది, అప్పు ఆమెది, సంతకం ఆమెది. లెక్కలు, గల్లాపెట్టె ఆయనవి. సర్పంచి ఆమె అయితే కుర్చీలో ఆయన కూర్చునే ఊళ్లు మనకు కొత్త కాదు కదా. కానీ సొంత యాజమాన్య వ్యాపారంలో అప్పు తీరకపోతే బాధ్యతకు హద్దు లేదు. బ్యాంకు నోటీసు సంతకం పెట్టినవారికే వస్తుంది. చెడిన పేరు తర్వాత పిల్ల పెళ్లికో, చదువుకో అప్పు అడిగినప్పుడు అడ్డొస్తుంది. కాబట్టి పేరు మీదైతే లెక్కలూ మీవే కావాలి. చెక్కుబుక్కు మీ దగ్గరే ఉండాలి. అలా కుదరదంటే సంతకం పెట్టనని చెప్పే ధైర్యం కావాలి. చెప్పడం కష్టమే. నోటీసు వచ్చాక చెప్పడం ఇంకా కష్టం.

పదిమంది కలిస్తే

భూమి లేదు, ఒంటరిగా అప్పు తీసుకునే ధైర్యం లేదు. అలాంటప్పుడు? పొదుపు సంఘాల్లో మెలిగిన ఆడవాళ్లకు దారి కొత్తేమీ కాదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిసి సంఘం పెట్టుకోవచ్చు. సర్కారు పెట్టుబడి లేకుండా, సర్కారు పెత్తనం లేకుండా నడుపుకునే సంఘం అది. రెండోది ఉత్పత్తిదారుల కంపెనీ. 2002లో కంపెనీల చట్టంలో చేర్చారు. దీనికీ పదిమంది ఉత్పత్తిదారులు చాలు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం కింద సాయం కావాలంటే మాత్రం మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలన్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఉత్పత్తిదారు అంటే ప్రాథమిక ఉత్పత్తికి సంబంధించిన పనిలో ఉన్నవారని చట్టం చెప్పింది. పట్టాదారు అనలేదు. బర్రెలు మేపే ఆమె, కోళ్లు పెంచే ఆమె, కౌలుకు దున్నే ఆమె అందరూ ఉత్పత్తిదారులే. సంఘం నియమావళి రాసేటప్పుడు ఎవరో తెలిసీ తెలియక "సభ్యులకు పాసుబుక్కు ఉండాలి" అని చేరిస్తే, మనంతట మనమే మన తలుపు మూసుకున్నట్టు. ఆ కాగితం రాసే రోజున ఆడవాళ్లు అక్కడ కూర్చోవాలి.

సర్కారు చెయ్యగలిగింది

ఇంత భారమూ ఆడవాళ్ల నెత్తినే పెట్టడం న్యాయం కాదు. 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలుపెట్టినప్పుడు భూమిని ఇంటి ఆడవాళ్ల పేరు మీద రాశారు. అందరికీ అందిందా లేదా అన్నది వేరే చర్చ. కానీ సర్కారు తలుచుకుంటే పాసుబుక్కు మీద ఆడపేరు ఎక్కుతుందని రుజువైంది. భార్యాభర్తల ఉమ్మడి పట్టాకు ఖర్చు తగ్గిస్తే ఎన్ని ఇళ్లు ముందుకొస్తాయో! కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వడానికి 2011లోనే ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. కొత్త చట్టం అక్కర్లేదు, దాన్ని మనసు పెట్టి అమలు చేస్తే భూమి లేని ఆడవాళ్ల చేతికి కూడా సాగుదారు అన్న కాగితం వస్తుంది. మండల ఆఫీసులో వారానికి ఒక రోజు ఆహార, పరిశ్రమల, వ్యవసాయ శాఖలవాళ్లు ఒకేచోట కూర్చుంటే చాలు. కూలి మానుకుని నాలుగు ఆఫీసులు తిరిగే బాధ తప్పుతుంది.

అంతవరకు మనం ఆగక్కర్లేదు. ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. పాసుబుక్కు మీద ఎవరి పేరుంది, పాల సంఘంలో ఎవరి పేరుంది, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు కలిసిన ఫోను ఎవరివి? ఒక కాగితం మీద వరుసగా రాయండి. మీ పేరు లేని ప్రతిచోటా ఎందుకు లేదో ఇంట్లోనే అడగండి. ఆఫీసులో అడిగే ముందు అడగవలసింది అక్కడే.